సకినాలు చెడగొట్టినామె

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కొట్లో అరిసెల పాకం చూసుకుంటుంటే ఆమె కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ లేదు. నిద్రలనే పోయింది" అంది. పొయ్యి కట్టేసి, బెల్లం చేతులతోనే ఇంటికి పరుగెత్తాను. పాకం ముదిరిపోయింది. పోతే పోయింది.

ఆమె మాకు చుట్టం కాదు. నల్గొండ వైపు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన మనిషి. మేం గోదావరి వైపు వాళ్లం. ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపులు, అంతే. నా వ్యాపారంలో ఆమెకు వాటా లేదు. అయినా ఈ రోజు నా కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది ఏదో ఒక దారిన ఆమె పంపినవాళ్లే. బతికుండగా ఈ మాట అంటే "చాల్లే, పని జూస్కో" అనేది. ఇప్పుడు ఆ మాట అనడానికి ఆమె లేదు కనుక రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మూతపడ్డాక, నా చేతిలో ఉన్న విద్య పిండివంటలొక్కటే. మా వీధి చివర చిన్న మడిగె కిరాయికి తీసుకున్నాం. ఆ కొట్టు నిలబడితే పిల్లల చదువులు ఇక్కడే. లేకపోతే పెట్టేబేడా సర్దుకుని ఊరెళ్లడమే. మొదట్లో జనం వచ్చేవారు, సీసాల్లోకి తొంగిచూసేవారు, "ఏ నూనె?" అని అడిగి వెళ్లిపోయేవారు. వాళ్లని తప్పు పట్టలేం. కొత్త కొట్టు, కొత్త మనిషి, నోట్లో పెట్టుకునే వస్తువు. ఏ ధైర్యంతో కొంటారు?

అలాంటి రోజుల్లో ఒకనాడు పెద్దమ్మ వచ్చింది. "సకినాలున్నయా?"

"లేవు పెద్దమ్మా. చేగోడీలు ఉన్నాయి, కరకరలాడుతున్నాయి."

"చేగోడీలు నేనేం జేసుకోను? మనవరాలి పెండ్లి సారెల సకినాలు పెట్టాలె. నా చేతులు ఎప్పటిలెక్క లేవు. చేస్తవా, చెయ్యవా?"

రాదని చెప్పడానికి నోరు రాలేదు. సకినమంటే ఏముంది, చేగోడీకి అన్నగారే కదా అనుకున్నాను. చేగోడీకి చేసినట్టే మరిగే నీళ్లలో పొడి పిండి పోసి, నువ్వులూ వామూ కలిపి, చుట్లు చుట్టి వేయించాను. చూడ్డానికి భేషుగ్గా ఉన్నాయి, కవర్లో కట్టి ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆ కవరు పట్టుకుని వచ్చింది. అప్పుడు కొట్లో ఇంకెవరో ఆడవాళ్లు ఉన్నారు. నూనె డబ్బా మీద కూర్చుంది. వాళ్లు వెళ్లేదాకా ఆగి, కవరు నా ముందు పెట్టింది.

"బిడ్డా, గివి తింటే పెండ్లిపిలగాడు సీదా పండ్ల దవాఖానకు పోతడు."

నా మొహం మాడిపోయింది. డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాను.

"పైసలు సారెల పెడతరా? ఎల్లుండి పెండ్లి. బియ్యం నానబెట్టు."

ఆ సాయంత్రం దగ్గరుండి బియ్యం నానబెట్టించింది. తెల్లారి తడి పిండి పట్టించి, కొట్లో నేల మీద పాత పంచె పరిపించి, మోకాళ్ల నొప్పితోనే నా పక్కన కూలబడింది. "పొడి పిండితోని ఎట్లయితయ్? తడి పిండి గావాలె. నీళ్లు బట్ట గుంజుకుంటది, గప్పుడు గుల్లగ అయితయ్" అంటూ వేళ్ల మధ్య పిండిని మెలితిప్పి చుట్టు మీద చుట్టు పోసేది. నేను దాని పక్కనే ఇంకోటి పోసేదాన్ని. నావి వంకర పోతుంటే, "కానియ్, కడుపులకు పోయినంక వంకర ఎవలు జూస్తరు" అనేది. పెళ్లివేళకి సారె వెళ్లింది.

కొన్నాళ్లకి బాలాపూర్ నుంచి ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట, "సకినాలు చెడగొట్టినామె నువ్వేనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అవునన్నాను, అనక తప్పుతుందా.

"అయితె రెండు కిలోలు గావాలె" అంది.

ఆ తర్వాత మూసారాంబాగ్ నుంచి ఒక టీచరమ్మ, నాదర్‌గుల్ నుంచి ఒక జంట. అందరిదీ అదే పలకరింపు. ఆ జంట వచ్చిన సాయంత్రం ఎదురింటి తలుపు బాది మరీ అడిగాను. "పెద్దమ్మా, సారెలో మంచివే పెట్టారు కదా. చెడిపోయిన సంగతి ఊరంతా ఎందుకు చెప్పారు? నా పరువేం కాను?"

ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. "అంత మంచిగనే ఉందంటే నువ్వు నా సుట్టానివి అనుకుంటరు, బిడ్డా. చెడగొట్టింది, మళ్ల కూసోని మంచిగ చేసిచ్చింది అంటే నమ్ముతరు. రేపు వాళ్లవి ఖరాబైనా నువ్వు మొకం దాసుకోవని ఎరుకైతది. నీకేంది నష్టం?"

విసురుగా ఇంట్లోకి వచ్చి పడ్డాను. కోపంతో కొన్నాళ్లు ఆమె తలుపు వైపు చూడకుండా మెట్లు దిగాను. కొట్లో గిరాకీ మాత్రం పెరుగుతూనే ఉంది. కడుపు నిండుతుంటే కోపం ఎన్నాళ్లు నిలుస్తుంది? నా బోర్డు మీద నేను శుచి అనీ రుచి అనీ రాయించుకున్నాను. అలాంటి మాటలు వీధిలో ప్రతి బోర్డు మీదా ఉంటాయి. చెడిపోతే ఏం చేస్తానో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. జనానికి కావలసింది ఆ ఒక్క సంగతేనని ఆమెకి తెలుసు.

రోజూ ఎండ తగ్గాక వచ్చి నూనె డబ్బా మీద కూర్చునేది. విరిగిన ముక్కలు మాత్రమే ఊరికే తినేది. నిండు సకినం చేతిలో పెడితే నేను డబ్బు తీసుకుంటేనే ముట్టేది. నువ్వులు చేదెక్కినా, ఉప్పు ఎక్కువైనా, కొట్లో మనుషులుంటే నోరు మెదిపేది కాదు. అందరూ వెళ్లాక మాత్రం దులిపేసేది. "తిట్టుడు నీ ముంగట, మెచ్చుడు నలుగురి ముంగట" అన్నది ఆమె పద్ధతి. మనలో చాలామందికి ఇది తిరగబడి ఉంటుంది.

పండగ ముందు శక్తికి మించిన ఆర్డర్లకి నేను తలూపబోతే కళ్లతోనే ఆపేది. "ఒప్పుకున్నంక పరేషాన్ అయ్యేదానికన్న, ఒప్పుకునే ముందల జర సోచాయించు" అనేది. రానిది రాదని చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. గోదావరి మనిషినై ఉండి పూతరేకులు రావని ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో మా వైపు వాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు నవ్వుతూ చెప్పేస్తాను, బాగా చేసేవాళ్ల కొట్టు చూపిస్తాను. అలా వెళ్లినవాళ్లు అరిసెలకి మళ్లీ నా దగ్గరికే వస్తారు.

మొన్న వేసవిలో దవాఖానలో పడుకున్నప్పుడు కూడా ఊరుకోలేదు. ఆమెకి సెలైన్ పెట్టిన నర్సమ్మ డ్యూటీ దిగి నేరుగా కొట్టుకి వచ్చింది. ఏమని అడిగిందో మీకు తెలుసు.

ఇన్నేళ్లలో నాతో ఒక్కసారి కూడా "మంచిగున్నయ్" అనలేదు. ఊరందరితో అనేదట. ఆ మాట కోసం నేను చిన్నపిల్లలా కాచుకున్నాను, చెప్పడానికి సిగ్గేం లేదు. ఆమె పోయాక రెండు భయాలు పట్టుకున్నాయి. ఇంక నా తప్పు నా మొహాన ఎవరు చెబుతారు? నా కొట్టు సంగతి నలుగురికీ ఎవరు చెబుతారు?

పదో రోజు డాబా మీద విస్తరి వేశారు. మేం కాకికి పెట్టడం అంటాం, వాళ్లు పిట్టకు పెట్టుడు అంటారు. కర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో నూనె మూకుడు పెట్టరు. అందుకని కోడలు ముందే చెప్పింది, "అక్కా, అత్తమ్మకు సకినాలు నువ్వే తేవాలె" అని. ఒక్కదాన్నే నేల మీద కూర్చుని పోశాను. ఎన్ని వందల కిలోలో పోసిన చెయ్యి, ఆ రోజు మొదటి చుట్టు మూడుసార్లు చెరిపి పోసింది.

విస్తరిలో అన్నం, మాంసం కూర, కాస్త కల్లు, పక్కన నా సకినాలు. నీళ్ల ట్యాంకు అంచున ఒక కాకి కూర్చుంది, దిగదు. "ఏం మనసుల బెట్టుకుందో" అని చుట్టాలు గుసగుసలాడారు. కొడుకు చేతులు జోడించి, "అమ్మా, అందరిని మంచిగ అరుసుకుంట" అన్నాడు. అయినా దిగలేదు. వెనక నిలబడ్డ నాకు ఒకటే గుబులు, ఉప్పు సరిపోయిందా లేదా అని.

కాకి దిగింది. కూర దాటింది, అన్నం దాటింది. ఒక సకినం ముక్కున కరుచుకుని ట్యాంకు మీదికి ఎగిరింది. సిమెంటు అంచుకి కొట్టి విరిచి, తిన్నది. నాకు కళ్లు కనబడటం లేదు.

తినేసి అది ఊరుకోలేదు. మెడ సాచి అరవడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే!

కోడలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "సూడక్కా, అత్తమ్మ అందరిని పిలుస్తున్నది."

ఎదురు బిల్డింగు మీంచి ఒకటి, కరెంటు తీగ మీంచి రెండు, ఇంకా ఎక్కడెక్కడి కాకులో మా డాబా మీదికి దిగుతున్నాయి.