కాస్త గట్టిగా దిగింది, అంతే

"కాస్త గట్టిగా దిగింది, అంతే" అన్నాడు మా ఆయన. ఆయన నోట 'అంతే' అన్న మాట వినపడితే చాలు, ఏదో పెద్దదే జరిగిందని నాకు అర్థమైపోతుంది. కారు గోడకు గీసుకున్న రోజూ అంతే, ఉద్యోగం ఊడిన రోజూ అంతే.

ఈసారి దిగింది విమానం. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల బుల్లి విమానాన్ని ఫ్యాక్టరీలుండే జురాంగ్ వైపు ఒక అద్దె షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని తనే బిగించుకున్నాడు. ఇప్పుడు చేసేది బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. నేనేమో పెద్ద విమానాలు మరమ్మతు చేసే ఇంజినీర్ని. నా సంతకం పడితేనే అవి గాల్లోకి లేస్తాయి. అయినా సరే, దీని బోల్టు ఒక్కటి కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ ఉద్యోగం నువ్వు చేసుకో తల్లీ, నా సరదా నాకొదిలెయ్" అనేవాడు. ఇద్దరం ఒకే క్లాసులో చదివాం, మా మధ్య అండీలు లేవు. అలాంటివాడు శనివారం ఒంటరిగా ఎగిరొచ్చి, ఆదివారం పొద్దున్నే "ఒకసారి చూసి పెట్టవా?" అని అడిగాడు.

ఆ రోజు మా పాప పుట్టినరోజు. నాన్న విమానంలో తిప్పుతాడని బుకిట్ బటోక్‌లో మేముండే ఫ్లాట్ల బ్లాకు మొత్తానికీ చెప్పేసింది. విమానం బాగుందని నేనంటే పాప ఎక్కుతుంది. ట్యాక్సీ ఎక్కినప్పటి నుంచీ ఏమేం చూడాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

రన్‌వే పక్కన విమానం ఉంచిన షెడ్డులో ఒకటే ఉక్క. పాప అప్పుడే హెడ్‌సెట్ తగిలించుకుని బల్ల మీద కూర్చుంది.

"ఫాస్ట్ లా అమ్మా! వాన వచ్చేస్తుంది" అంది, మాటకొక 'లా' తగిలించే ఇక్కడి పిల్లల ఇంగ్లీషు కలిపి.

టైర్లు చూశాను. ప్రొపెల్లర్ కొసలు నేలకు తగిలాయేమోనని వేలితో తడిమాను. ఇంజిన్ని పట్టి ఉంచే గొట్టాల అతుకులు టార్చి వేసి చూశాను. చక్రాల కాళ్లు వంగాయేమోనని కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నకొద్దీ నాకు స్థిమితం తప్పింది. దెబ్బంటూ తగిలితే ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా! మళ్లీ మొదటి నుంచీ చుట్టూ తిరిగాను. ఆయనా నా వెనకే తిరిగాడు.

"ఎంత ఎత్తు నుంచి పడింది?"

"పడలేదే, దిగింది. ఇంతెత్తు ఉంటుందేమో" అని మోకాలు చూపించాడు.

మోకాలెత్తుకి ఏ విమానానికీ ఏమీ కాదు. 'ఎక్కించు' అనబోయి, చేతులు తుడుచుకుందామని గుడ్డ కోసం వంగాను. ముందు చక్రం గాడిలో ఏదో ఇరుక్కుని ఉంది. ఇందాక బురద అనుకుని వదిలేశాను. గోటితో లాగితే నలిగిన నిమ్మతొక్క వచ్చింది. చక్రం లోపలివైపు కుంకుమ బొట్టు కూడా ఉంది.

విమానం తయారైన రోజు పూజ చేయిద్దామంటే "ఇదేమన్నా స్కూటరా?" అని నవ్విన మనిషి. ఇంట్లో ఏనాడూ దీపం పెట్టి ఎరగడు. అలాంటివాడు నిన్న దిగాక వెళ్లి నిమ్మకాయ కొనుక్కొచ్చి, ఎవరూ చూడకుండా దాని మీదుగా విమానాన్ని తోశాడు. మోకాలెత్తు నుంచి దిగినవాడికి దిష్టి తీసుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

తొక్క చూపించి, "నిజం చెప్పు" అన్నాను.

"మెల్లగా మాట్లాడవే, పాపకి వినపడుద్ది." పాపకి వీపు తిప్పి నిలబడ్డాడు. "చివర్లో స్పీడ్ పడిపోయింది. నా తలకంటే పైనుంచి దబ్బున పడింది. మళ్లీ ఎగిరి ఇంకోసారి పడింది. భయమేసిందే, చాలా భయమేసింది."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తిట్టడానికి బోలెడంత జీవితం ఉంది. ముందు సీట్లు తీయించాను, వాటి కింది రేకు స్క్రూలన్నీ విప్పించాను. వెనక చక్రం కాలు విమానం పొట్టలో కలిసేచోట, ఆ కాలిని పట్టి ఉంచే బ్రాకెట్టు మూల వెంట్రుకంత గీత కనిపించింది. రంగు గీకి చూశాను. చీలింది లోహమే. ఆయన కూడా తల దూర్చి చూశాడు. ఆ గీతని తనూ గోటితో తడిమాడు.

"అయితే ఇవాళ కుదరదా?"

"ఇవాళా కుదరదు, రేపూ కుదరదు. ఇంకోసారి నేలకి తగిలితే కాలు ఊడి చేతికొస్తుంది."

పాప హెడ్‌సెట్ తీసి బల్ల మీద పడేసింది. "యూ ఆల్వేస్ లైక్ దట్ వన్, అమ్మా! ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడతావ్!" అని ఏడుస్తూ గుమ్మం దగ్గరికి పోయింది. బయట వాన మొదలైంది.

అప్పుడు అడిగాను. "అంత గట్టిగా పడిందని తెలిసి కూడా, నేను బాగుందంటే పాపని ఎక్కించేవాడివా?"

"ఎక్కించేవాణ్ణి" అన్నాడు, క్షణం ఆలోచించకుండా. "నువ్వు చూశాక ఇంక భయమెందుకు?"

నన్ను మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. ఆ 'ఎక్కించు' అన్న మాట ఇందాక నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిందని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి పాప చెయ్యి పట్టుకున్నాను. "పెయిన్ లా అమ్మా, వదులు" అంది. నేను వదల్లేదు.