వారెంటు లేని సోదా

దేవుని బిడ్డలైన మీ అందరికీ నా వందనాలు. ఈ సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు మూడు ఆదివారాలుగా అడుగుతుంటే, మూడుసార్లూ జ్వరమని తప్పించుకున్నాను, థర్మామీటరులో పట్టనంత పెద్ద జ్వరమని కూడా చెప్పాను. ఈ రోజు నిలబడ్డాను. అలసిపోయి నిలబడ్డాను సహోదరులారా, నెమ్మదిగా వినండి.

నేను అనకాపల్లి మార్కెట్టు నుంచి బెల్లం తోలే వ్యానువాణ్ణి. ఇంటి వెనక నాకొక రేకుల షెడ్డు ఉంది. ఒక సాయంత్రం, దీపాలు పెట్టిన తరువాత, పోలీసులు వచ్చి ఆ షెడ్డులో బెల్లం దిమ్మల వెనక నాలుగు గంజాయి బస్తాలు పట్టుకున్నారు. ఎంతమంది వచ్చారంటే, మా వీధి కుక్కలు ఎవరిని చూసి మొరగాలో తేల్చుకోలేక కూర్చుండిపోయాయి. ఆ బస్తాలు ఎవరు పెట్టారో నాకు తెలియదన్నాను. కింది కోర్టులో అదే అన్నాను, పదేళ్ళ శిక్ష వేసినప్పుడూ అదే అన్నాను, నా భార్య సువార్తతోనూ, మన సంఘంతోనూ అదే అన్నాను.

జైల్లో నాలుగేళ్ళున్నాను. అక్కడి పప్పులో గింజ దొరకాలంటే రాజయ్యపేట జాలర్ల దగ్గర్నుంచి వలలు తెప్పించాలి. సువార్త నెలనెలా రెండు బస్సులు మారి వచ్చి, జాలీ అవతల కళ్ళు మూసుకుని, ఎప్పుడూ ఒకే ప్రార్థన చేసేది: "తండ్రీ, మా ఆయన్ని బయటికి తే. నిజంతో తే." నేను మొదటి ముక్కకే ఆమెన్ అనేసేవాణ్ణి.

హైకోర్టులో అప్పీలు వేసిన లాయరుగారు నా కాగితాలు రెండు కళ్ళజోళ్ళు అరిగేలా చదివారు. పొద్దుగూకాక మూసి ఉన్న చోట వెతకాలంటే వారెంటు ఉండాలట, అది తెచ్చేలోగా సరుకు మాయమవుతుందని అనుమానముంటే ఆ కారణమైనా ముందే రాసిపెట్టాలట, మా సోదాలో అదీ లేదు, ఇదీ లేదు, పైగా పరీక్షకు పంపిన పొట్లం మీది సీలు ఒకటి, కాగితంలో రాసిన సీలు మరొకటి. ఈ మూడు మాటలూ నేను ఎంత వల్లించానంటే, వార్డర్లు కూడా నిద్రలో అప్పజెప్పేవారు. ఆఖరికి హైకోర్టు ఆ సోదా చెల్లదని శిక్ష కొట్టేసింది. నిర్దోషిని దేవుడు విడిపించాడని మీరందరూ చప్పట్లు కొట్టి, సువార్త చేత కేకు కోయించారు.

సహోదరులారా, ఆ బస్తాలు నేనే దించుకున్నాను.

వాటిని ఇచ్చినవాడు నాతవరం వైపు మనిషి. నేను బయటికొచ్చిన నెలకే షెడ్డు దగ్గరికి వచ్చి బీడీ ముట్టించాడు.

"బావా, సోదా రూల్సన్నీ నీకు నోటికొచ్చేసేయంట కదా. ఇంక నీ సెడ్డుకంటే బద్రమైన సోటు ఏటుంటాది?"

"మానేసేను బావా."

"మానేత్తే ఆ రూల్సేటి సేసుకుంటావు, ఊరగాయెట్టుకుంటావా?"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే సరుకు ఏ వేళకు దించాలి, ఏ మూల పెట్టాలి అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. జైల్లో నాలుగేళ్ళు బైబిలు పట్టుకుని తిరిగినవాడి నోట్లో సెక్షన్లు తప్ప మరేమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. అతన్ని పొమ్మని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. సువార్త వంకాయలు తరుగుతోంది.

"ఆ బస్తాలు నేను తెలిసే ఎట్టేను," అన్నాను.

కత్తిపీట ఆగలేదు. "తెలుసు."

"ఎలాగ?"

"బెల్లం లోడుకెల్లిన రోజు నువ్వు రెండు పళ్ళేలు తింతావు. ఆ బస్తాలొచ్చిన రోజు ముద్ద ముట్టలేదు. కూర బాగోలేదేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. పోలీసులొచ్చేక తెలిసింది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేటి?"

"నిన్నడిగితే అబద్దమాడతావు. అందుకే ఆయన్నడిగేను."

సహోదరులారా, ఆ సోదాకు అప్పీలు లేదు. ఇది విన్నాక నాకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వకపోయినా సరే, ఆ చివరి చాప మీద కూర్చోమన్నా కూర్చుంటాను, కానీ నన్ను ఇక నిర్దోషి అని పిలవకండి, క్షమాపణ దొరికినవాడు అనండి చాలు. మీ ఇంటి వెనక కూడా అలాంటి షెడ్డు ఏదైనా ఉంటే, ఆయన్ని నమ్మి మీరే తలుపు తీయండి, నాలాగా మోసి మోసి అలసిపోకండి. దేవునికే మహిమ. సువార్త దగ్గర ఒప్పుకున్న ఆ పూట నేను మూడు పళ్ళేలు తిన్నాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, సువార్త ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీదే ఉంది, అడగండి.