మడత సైకిలు

ముత్యాలప్ప నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి చూస్తాడు. వెనకాల ఏమీ ఉండదు. ఎనభై అయిదో సంవత్సరపు కరువులో గొర్రెల మంద మొత్తం పోయింది. మంద వెంట వస్తోందా అని చూసే ఆ చూపు మాత్రం పోలేదు. ఇప్పుడు ఊరూరా తిరిగి పరుల గొర్రెలకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. నాగలమడిక చుట్టుపక్కల మందలు తరిగిపోయి, దూరాలకు పోక తప్పని రోజులొచ్చాయి. అరవై దాటిన మోకాళ్లేమో మొరాయిస్తున్నాయి. అందుకే ఆ మధ్యాహ్నం పావగడలో చిన్నరంగప్ప సైకిలు షాపుకు వచ్చాడు. ఎత్తు సైకిళ్లేవీ కుదరలేదు. కడ్డీ మీదుగా కాలు లేవడం లేదు. చివరికి బయట ఎండలో నిలబెట్టిన పొట్టి సైకిలు దగ్గర ఆగాడు. "ఇదేందప్పా, పిల్లలదా?"

"కాదు మామా, మడిచే సైకిలు. బెంగుళూరాయన అమ్మిపోయినాడు. బస్సు పోయేంత దూరం బస్సులో ఏసుకో, ఆడ దిగి తొక్కుకో," అంటూ చిన్నరంగప్ప సైకిలు నడుమ ఉన్న బిగింపు వదులుచేసి సగం మడిచాడు. రెండు చక్రాలూ మధ్యలో సందు వదిలి ఒకే వైపుకు తిరిగాయి. ముత్యాలప్ప వంగి, ఆ మడతలో మెడ దూర్చి, సైకిలును ఎత్తుకున్నాడు. చెరో భుజం మీదుగా ముందుకు వాలిన చక్రాలను రెండు చేతులతో రొమ్ముకు అదిమి పట్టుకున్నాడు. ఆ కరువులో మిగిలిన ఆఖరి గొర్రెపిల్లను మెడ మీద వేసుకుని, కాళ్లు ఇట్లాగే పట్టుకుని, నీళ్ల కోసం ఏటి ఇసుక వెంబడి మోసుకుపోయాడు. చెలమ దగ్గర దించేసరికి అది చల్లబడిపోయి ఉంది. దారిలో ఎక్కడ ప్రాణం పోయిందో అతనికి ఈనాటికీ తెలీదు.

"దించు మామా, మెడ పట్టేస్తాది," అన్నాడు చిన్నరంగప్ప.

ముత్యాలప్ప ఎండకు కాగిన ఇనుముకు చెంప ఆనించాడు.

"ఉండప్పా," అన్నాడు మెల్లగా. "ఇంకా వెచ్చగానే ఉండాది."