గడ్డిలో దాచిన వైర్‌లెస్

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందయితే ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నా వల్ల సూరన్న అనే మనిషి జైలుకు వెళ్లాడు. తప్పు అతనిది కాదు, నాది.

ఎనభైల్లో మాది నూజివీడులో మామిడి వ్యాపారం. ఆగిరిపల్లి రోడ్డులో ఒక తోట కౌలుకు తీసుకున్నాం. కోతల రోజుల్లో మా ఆయన కొట్లో, నేను తోటలో కూలీల దగ్గర. బొంబాయి ధర కొట్లో ఫోనుకు వచ్చేది. దాన్నిబట్టి ఎంత కోయించాలో తోటలో నాకు తెలియాలి. కోసిన కాయ ఆగదు కదా. అందుకని ఆయన మద్రాసు నుంచి దొంగసరుకు వైర్‌లెస్ సెట్లు రెండు తెచ్చారు. లైసెన్సు లేదు. ఒకటి కొట్లో, ఒకటి నా చేతిలో.

పనిమాట చెప్పి ఆపెయ్యమనేవారు ఆయన. నేను ఆపేదాన్నా? మీట నొక్కితే నా మాట అంత దూరం వెళుతోందన్న సంబరం నాది. ఎండ, కూలీల తగాదాలు, మధ్యాహ్నం తిన్న వంకాయ కూర, అన్నీ చెప్పేదాన్ని. ఇంట్లో నా మాట అంత శ్రద్ధగా ఎవరు విన్నారు గనక? ఆ కబుర్లు పోలీసుల వైర్‌లెస్‌లో చొరబడుతున్నాయని మాకు తెలియదు. తెలిస్తే మానేదాన్నా? ఏమో.

పైన గుండ్రటి ఏరియల్ ఉన్న వ్యాను ఒకటి రోడ్డు మీద తిరుగుతోందని కూలీలు అన్నారు. నేను పట్టించుకోలేదు. మనం మాట్లాడుతున్నంతసేపూ ఆ ఏరియల్ తిప్పుతూ మాట ఏ దిక్కు నుంచి వస్తోందో చూస్తారని, ఇంకోచోటికి వెళ్లి మళ్లీ చూస్తారని, మ్యాపు మీద ఆ రెండు గీతలూ కలిసినచోటికి వస్తారని తర్వాత తెలిసింది. అవి కలిసేదాకా నేను కబుర్లు చెబుతూనే ఉన్నాను.

వ్యాను తోటలోకి తిరగడం చూశాను. కాపలా సూరన్న గుడిసెలోకి దూరి, కాయల కింద పరిచే వరిగడ్డిలో సెట్టు కుక్కేశాను. కంగారులో ఆపడం మర్చిపోయాను. గడ్డి బరువుకు మీట నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది. నేను నోరు మూసుకున్నా సెట్టు మూసుకోలేదు. సెట్టు ఎక్కడుందో పసిగట్టే చిన్న పెట్టె చేతిలో పట్టుకున్న ఆఫీసరు తిన్నగా వచ్చి ఆ గుడిసె గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మేం విన్నది ఆడగొంతు. ఇక్కడ ఉండే ఆడమనిషెవరు?" అన్నాడు.

సూరన్న, అతని భార్య నాగమ్మ గుమ్మం పక్కనే ఉన్నారు. నేను గుడిసెలోకి వెళ్లి రావడం ఇద్దరూ చూశారు. సూరన్న భార్యకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"దానికేం తెలీదండీ. ఈ గుడిసెలో ఏదున్నా నాదేనండీ."

నాగమ్మ నా వైపు తిరిగింది. "అమ్మగారూ, మీరొక్క మాట చెప్పండి."

"నాకేం తెలుసు నాగమ్మా?" అన్నాను.

ఆ తర్వాతే గడ్డి లాగి సెట్టు బయటికి తీశారు. అప్పటిదాకా మీట నొక్కుకునే ఉంది. అంటే నా అబద్ధం కూడా కొట్లో వినబడింది. మా ఆయన తన సెట్టు బావిలో పడేశారు. మా మీద అనుమానం రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. ఒప్పుకున్న మనిషి దొరికాక ఇంకెవరు వెతుకుతారు? ఇంట్లో ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సూరన్న బయటికి వచ్చేసరికి కోతలు అయిపోయాయి. పోలీసు కేసున్నవాడికి ఏ తోటలోనూ కాపలా ఇవ్వలేదు. మేమూ ఇవ్వలేదు. చాట్రాయి వైపు కూలికి వెళ్లారని, అక్కడే జబ్బుచేసి అతను పోయాడని విన్నాను. చూడటానికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

నన్ను తినేసేది ఇంకొకటి ఉంది. నేను సెట్టులో మాట్లాడటం నాగమ్మ రోజూ చూసేది. ఈవిడేనండీ అని వేలు చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. భయమనుకుని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. భయం కాదు. నేనే చెబుతానని నమ్మింది. సూరన్నను ఎక్కించుకున్న వ్యాను కదిలేదాకా నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

మీతో చెప్పాక గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది. సూరన్న లేడు. నాగమ్మ ఎక్కడుందో తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. ఆమె అడిగింది ఒక్క మాటే.

ఆ గొంతు నాది.