కరోనా రోజుల్లో మా పళ్ళ డాక్టరు గారు

మా పళ్ళ డాక్టరు గారు గుండెపోటుతో పోయారని మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తెలిసింది. నమ్మబుద్ధి కాక మా కోడలిచేత తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేయించాను. నిజమేనన్నారు. పెద్దగా చదువుకోనిదాన్ని. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే మనసు ఊరుకోవడం లేదు.

కరోనా రోజుల్లో భీమవరంలో మాకు తెలిసిన పళ్ళ ఆసుపత్రులన్నీ మూసేశారు. ఈయన మాత్రం బాధ ఓర్చుకోలేనివాళ్ళకి తలుపు తీసేవారు. నాకు దవడ వాచి గంజి కూడా దిగడం లేదు. వెళ్ళాలంటే భయం, మానాలన్నా భయం. మా ఇంటాయన ఆయాసం మనిషి. అక్కడినుంచి ఆ జబ్బు నేను మోసుకొస్తే తట్టుకోగలరా? అదీ నా దిగులు.

ఒక్కొక్కరినే లోపలికి పిలిచేవారు. ఒకరు వెళ్ళాక కిటికీలు తెరిచి, కుర్చీ, లైటు అన్నీ మందుతో తుడిచి, చాలాసేపు గది ఖాళీగా వదిలేసేవారు. మేమంతా బయట ఎడం ఎడంగా నిలబడ్డాం.

"ఏంటండీ ఇంతసేపు, పెళ్ళివారు గానీ వస్తున్నారా?" అన్నారొక రొయ్యల రైతు బుగ్గ పట్టుకుని.

"వచ్చేవాళ్ళు కంటికి కనబడరండి. అందుకే ఈ మర్యాదలు," అన్నారు డాక్టరు గారు కిటికీలోంచి.

నా వంతు వచ్చింది. పెద్దమనిషితో ముఖం కప్పుకుని మాట్లాడటం బాగుండదని మాస్కు గడ్డం కిందికి లాగి దణ్ణం పెట్టాను. ఆయన గభాలున వెనక్కి జరిగారు.

"పిన్నిగారూ, ముందు అది ముక్కు మీదకి ఎక్కించండి! కుర్చీలో కూర్చున్నాక తీద్దురుగాని."

తెల్లటి సూటులో ఆయన కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నా బెంగ ఇంకా పెరిగింది. "బాబూ, ఆ పటకారు ఇలా ఇవ్వండి. మా ఇంట్లో ఇంకోసారి ఉడకబెట్టి తెస్తానండి," అన్నాను.

"చామదుంపలా ఏంటండీ, ఉడకబెట్టడానికి!" అని నవ్వారే గాని కోప్పడలేదు. పటకారుని ఆవిరిలో ఉడికించి మూసిపెట్టిన కవరు తెచ్చి నా కళ్ళముందే చింపారు. "భయమేస్తే అడగాలండి. మీరు అడుగుతుంటేనే నేనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాను."

నీ భయాలతో చంపుతున్నావని జన్మంతా అనిపించుకున్నదాన్ని. నా భయానికి విలువిచ్చిన మనిషి ఆయనొక్కరే.

మందు నీళ్ళు పుక్కిలించమన్నారు. మిషను తిప్పితే తుంపర లేస్తుందని చేత్తోనే పన్ను తీశారు.

"మా ఆయనకేమీ కాదు కదండీ?"

"నేను మాటివ్వలేనండి. కొన్నాళ్ళు వేరే గదిలో ఉండండి. నేనూ ఇంటికి దూరంగానే ఉంటున్నాను."

అలాగే ఉన్నాను. దేవుడి దయ, మా ఆయనకి ఏమీ కాలేదు.

దూదిని పంటికింద నొక్కుకుని ఆ రోజు బయట బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. డాక్టరు గారి ఇల్లు రోడ్డుకి అటువైపే. అరుగు మీద వాళ్ళమ్మగారు కుర్చీలో ఉన్నారు. ఈయన సూటు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఇంటినుంచి ఎవరో తెచ్చి ఆసుపత్రి గోడ మీద పెట్టి వెళ్ళిన కారియరు తీసుకుని ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చారు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"తింటున్నావా నాన్నా?" అని అటునుంచి ఆవిడ కేక.

ఆయన ఎండలోకి వచ్చి నిలబడి, ప్రతి ముద్దా ఎత్తి అమ్మకి చూపించి, అప్పుడు నోట్లో పెట్టుకుంటున్నారు.