పన్నెండో గదిలో ఎదుటి కుర్చీ

మా కాశిఫ్ భాయ్‌కి ఒకే ఒక్క పిచ్చి: ఇద్దరాడే యుద్ధం ఆట ఒక్కడే ఆడేవాడు. అమీర్‌పేట హాస్టల్లో పన్నెండో గది ఆయనది. బల్లమీద బొటనవేలంత బొమ్మలు, ఇటు మనుషుల సేన, అటు దయ్యాల సేన. రూల్సు నెట్‌లో దొరికాయిగానీ రెండో ఆటగాడు దొరకలేదు. ఇటు పాచికలేసి, లేచి బల్ల చుట్టూ తిరిగి అటు కుర్చీలో కూర్చుని, గొంతు మార్చి తనను తానే తిట్టుకునేవాడు. ఓడితే తనమీద తనే అలిగి టీ మానేసేవాడు.

"రెండు దిక్కులా నువ్వే కద భాయ్, గెలిచేదెవరు?" అన్నానొకసారి.

"దయ్యాలే, అనుదీప్. మస్తు తెలివి వాటికి," అన్నాడు, ఖాళీ కుర్చీకి వినపడకుండా.

అంతవరకైతే నవ్వుకునేవాళ్లమే. కానీ ఆయన రంగులు వేసిన మనుషుల బొమ్మలకు మా పోలికలు రాసాగాయి. ఒకదానికి నా పక్క మంచం ఆషెర్ కళ్లజోడు, ఇంకోదానికి నా నుదుటి మచ్చ. దయ్యాలకు చిక్కిన బొమ్మ ఆ మనిషి దిండుమీద తేలేది.

ఆషెర్ తన బొమ్మను తిరిగిచ్చేద్దామని పన్నెండో గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల ఎవరిదో బొంగురు గొంతు ఆగకుండా ఏదో అడుగుతోంది. బయటికొచ్చాక ఆషెర్ మాతో మాట్లాడలేదు. వారం తిరక్కుండా మంచం ఖాళీ. అలా ముగ్గురు పోయారు. వంట చేసే చంద్రమ్మ ఆ గది గడప తొక్కడం మానేసింది.

"గా కుర్చీల ఎవరో ఉన్నరు బిడ్డా, జర పైలం," అనేది.

నాకప్పటికే ఐదు ఇంటర్వ్యూలు పోయాయి. ఆరోది కూడా పోతే సామాను సర్దుకుని ఊరికి రమ్మన్నారు ఇంట్లోవాళ్లు. ఆ ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం, అన్నం తిని వచ్చేసరికి, నా దిండుమీద మచ్చ బొమ్మ నన్నే చూస్తోంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని బయల్దేరాను.

పన్నెండో గదిలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కాశిఫ్ భాయ్ దయ్యాల వైపు కూర్చున్నాడు. మనుషుల వైపు కుర్చీ నాకోసం ఖాళీగా ఉంది.

"కూర్చోండి," అంది ఆ బొంగురు గొంతు. "మీ గురించి చెప్పండి."

మూడు గంటలు! నా ప్రాజెక్టును చీల్చి చెండాడాడు. నా అబద్ధాలన్నీ ఏరి బల్లమీద పెట్టాడు. చివరికి సొంత గొంతుతో, "బెదరకు. రేపు అడిగేటోళ్లు నాకన్న మంచోళ్లే ఉంటరు," అన్నాడు.

"మరి ఆషెర్?"

"పుణెల నౌకరి. మిగిలిన ఇద్దరికి సుత."

"నేర్పిస్తనని చెప్తే అయిపోతుండె కద! ఈ దయ్యాలెందుకు భాయ్?"

"కోచింగంటే, గల్లికొకటున్న అమీర్‌పేటల ఎవడొస్తడు? దయ్యమంటే ఉరికొస్తరు. బయట చెప్పకు."

నాకు ఉద్యోగం వచ్చింది. నెల తర్వాత స్వీటు డబ్బాతో వెళ్లాను. బల్లమీద మా బొమ్మలన్నీ దయ్యాల సేనలో చేరిపోయి ఉన్నాయి. మనుషుల వైపు ఒక్క గడ్డం బొమ్మే మిగిలింది, అచ్చం కాశిఫ్ భాయ్.

"నువ్వు ఇంటర్వ్యూకు పోయి ఎన్నేండ్లాయె భాయ్?"

"ఏడు," అన్నాడు, పాచికలు తుడుస్తూ.

గడ్డం బొమ్మను తీసి ఆయన దిండుమీద పెట్టాను. వెళ్లి దయ్యాల కుర్చీలో కూర్చుని, గొంతు బొంగురు చేశాను.

"కూర్చోండి. మీ గురించి చెప్పండి."

కాశిఫ్ భాయ్ మనుషుల కుర్చీలో సర్దుకుని కూర్చుని, చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"చాయ్ తాగి చెప్పనా, సార్?"