రెండు గుక్కల సిరప్

మా పెదనాన్నకు కారం లేనిదే ముద్ద దిగేది కాదు. తిన్నాక ఎసిడిటీ సిరప్ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగనిదే కడుపులో మంట తగ్గేది కాదు. మా ఊరు ప్రత్తిపాడులో మిగతా అందరూ మజ్జిగతో భోజనం ముగిస్తే, ఆయన ఆ సిరప్‌తో ముగించేవాడు.

మిర్చి బస్తాలు అవలీలగా ఎత్తే ఆ మనిషి నిరుడు మంచం దిగలేకపోయాడు. గుంటూరులో డాక్టరుగారు, "రక్తంలో ఫాస్ఫేట్ బాగా పడిపోయింది. తిండిలోది ఒంటపట్టకుండా ఏళ్లుగా ఈ సిరప్పే అడ్డుపడింది. ఊపిరి పీల్చే కండరాలూ నీరసించాయి" అన్నారు.

"చేనుకి ఫాస్ఫేట్ ఎరువు బస్తాలకొద్దీ చల్లానండీ. నాకు తగ్గడమేంటి?" అన్నాడు పెదనాన్న, మాటమాటకీ ఆయాసపడుతూ.

సెలైన్‌లో మందు ఎక్కిస్తుండగా, "ఒక్క గుక్క పొయ్యరా" అని నన్ను బతిమాలాడు. వారంవారం సీసా తెచ్చిచ్చినవాణ్ణి నేనే. మొదటిసారి కాదన్నాను.

అలిగి అటు తిరగబోయాడు. తిరగలేకపోయాడు.